ఇంటి పన్నులో ఎనిమిది పైసలు



హైదరాబాదు చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. పొద్దున తలుపులు తీసే వేళకే అక్కడ యువతీయువకులు వచ్చి నిలబడి ఉంటారు. గ్రూప్స్ పరీక్షకు చదివేవాళ్ళు, డీఎస్సీకి చదివేవాళ్ళు, కానిస్టేబులు ఉద్యోగానికి తయారయ్యేవాళ్ళు. చాలామంది దూరపు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే. అశోక్‌నగర్ చుట్టుపక్కల హాస్టళ్ళలో, ఇరుకు గదుల్లో ఉంటూ, ప్రశాంతంగా చదువుకోడానికి కాస్త చోటు కోసం గ్రంథాలయానికి వస్తారు. భుజాన సంచి. అందులో సొంత పుస్తకాలు, నీళ్ళ సీసా, ఫోను, ఛార్జరు. కుర్చీ దొరికితే సగం గండం గడిచినట్టే. ప్లగ్గు ఉన్న గోడ పక్కన దొరికితే ఆ రోజు పండగే.

ఎందుకంటే ఇప్పుడు చదువు సగం ఫోనులోనే ఉంది. ఉద్యోగ ప్రకటన వెబ్‌సైటులో వస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. హాల్‌టికెట్టు అందులోనే తీసుకోవాలి. ఫలితం కూడా అందులోనే చూసుకోవాలి. పాత ప్రశ్నపత్రాలు, నమూనా పరీక్షలు, పాఠాల వీడియోలు, అన్నీ అక్కడే. నగరంలో ఉన్నవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఊళ్ళో ఉన్న అమ్మాయి ఒక దరఖాస్తు పెట్టాలంటే ఏం చేయాలి? ఆటో ఎక్కి మండల కేంద్రానికి వెళ్ళాలి. ఇంటర్నెట్ సెంటరులో తన వంతు కోసం కూర్చోవాలి. దరఖాస్తుకింత, ప్రింటుకింత అని చెల్లించాలి. ఫొటో కొలత సరిపోలేదని దరఖాస్తు వెనక్కి వస్తే మళ్ళీ వెళ్ళాలి.

ఆ పని ఊరి గ్రంథాలయంలో, పైసా ఖర్చు లేకుండా, నేర్పే మనిషి పక్కనుండగా జరగాలి. గ్రంథాలయం అంటే అందరిదీ. డబ్బున్నవాళ్ళకు పుస్తకం కొనుక్కునే శక్తి ఉంటుంది, ఇంట్లో ఇంటర్నెట్టు ఉంటుంది. లేనివాళ్ళ కోసమే గ్రంథాలయం. కంప్యూటరు, ఇంటర్నెట్టు, ఈ-పుస్తకం, ఇవన్నీ ఇవాళ గ్రంథాలయం ఇవ్వాల్సిన సేవలే.

మరి వాటికి డబ్బు ఎక్కడిది? వచ్చిన డబ్బును ఎలా వాడాలి? ఈ కాసేపూ ఆ రెండు ప్రశ్నల గురించే మాట్లాడుకుందాం.

గ్రంథాలయాల్లో కొత్త సాధనాలు వాడటం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. 1935లో గుంటూరు జిల్లాలో ఒక పడవ గ్రంథాలయం నడిచింది. పాతూరి నాగభూషణంగారు మొదలుపెట్టిన ఏర్పాటు అది. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పుస్తకాలతో పడవ సాగేది. గట్టు మీది ఊళ్ళవాళ్ళు పుస్తకాలు తీసుకునేవారు, చదివి తిరిగి ఇచ్చేవారు. ఆ రోజుల్లో మనుషుల దగ్గరికి పుస్తకాన్ని చేర్చగల సాధనం కాలువ, పడవ. దాన్నే వాడారు. పాఠకుడు రావాలని కూర్చోకుండా, పాఠకుడు ఉన్నచోటికి వెళ్ళారు.

అంతకు రెండు దశాబ్దాల ముందే, 1914లో, విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్యగారి పట్టుదల ఉంది. ఇటు హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వచ్చింది. ఈ గ్రంథాలయాల్లో ఎక్కువ భాగం చందాలతోనే పెరిగాయి. ఒకరు బీరువా ఇచ్చారు, ఒకరు స్థలం ఇచ్చారు, ఇంకొకరు తమ పుస్తకాలు ఇచ్చారు. గొప్ప పని అది. అయితే చందా మీద బతికే సంస్థకు ఎప్పుడూ ఒక భయం ఉంటుంది. ఇచ్చే పెద్దమనిషి పోతే? ఆ ఇంట్లో తర్వాతి తరానికి ఆ ఆసక్తి లేకపోతే? అప్పుడు తలుపులకు తాళమే.

ఆ భయానికి జవాబు చట్టం. 1948లో మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్‌గారి కృషి ఫలితం అది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి ఆ చట్టం ఇక్కడా అమలైంది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టం తాను చేసుకుంది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. రాష్ట్రం మళ్ళీ రెండైనా, రెండు రాష్ట్రాల గ్రంథాలయ వ్యవస్థకూ పునాది ఇదే.

ఈ చట్టంలో శ్రోతలు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే. గ్రంథాలయ పన్ను. ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరూ, ఆ పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయం కోసం కడుతున్నారు. మళ్ళీ చెప్పుకుందాం. రూపాయి ఇంటి పన్నుకు ఎనిమిది పైసలు. రెండు వేలు పన్ను కట్టే ఇంటివాళ్ళు 160 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్టు. మున్సిపాలిటీ గానీ, పంచాయతీ గానీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అది ఆ సంస్థకు చట్టం ఇచ్చిన ఆదాయం. ఎవరి దయ మీదా వచ్చేది కాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక ఊళ్ళో వెయ్యి ఇళ్ళు ఉన్నాయనుకుందాం. ఇంటికి సగటున ఐదు వందల పన్ను అనుకుందాం. ఇంటికి నలభై రూపాయల చొప్పున, ఏడాదికి నలభై వేలు గ్రంథాలయ పన్ను. ఒక మామూలు ఇంటర్నెట్ కనెక్షనుకు, కరెంటు బిల్లుకు, పాడైన కంప్యూటరును బాగుచేయించడానికి అందులో కొంత చాలు. మొత్తం జిల్లా సంస్థకే వెళ్ళినా, ఊళ్ళన్నీ కలిస్తే అది చిన్న మొత్తం కాదు.

మరి చిక్కెక్కడ? వసూలు చేసిన పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరదు. ఏళ్ళ తరబడి ఇదే సమస్య. రెండు రాష్ట్రాల పత్రికల్లోనూ గ్రంథాలయ పన్ను బకాయిల వార్తలు తరచూ కనిపిస్తూనే ఉంటాయి. స్థానిక సంస్థలకు వాటి ఇబ్బందులు వాటికి ఉంటాయి. వీధి దీపాలున్నాయి, మురుగు కాలువలున్నాయి, జీతాలున్నాయి. అత్యవసరం అనుకున్నదానికి ఆ డబ్బు వాడేస్తారు. గ్రంథాలయం అరిచి అడగదు కదా. అందుకే దాని వంతు ఎప్పుడూ చివరికి వస్తుంది. ఇది అన్యాయం. ఇల్లుగలవాళ్ళు ఆ పైసలు గ్రంథాలయం పేరు చెబితే కట్టారు. ఆ పేరుతో కట్టిన డబ్బు ఆ పనికే చేరాలి.

ఇక రెండో ప్రశ్న. డబ్బు వచ్చాక ఎలా వాడాలి?

ఇక్కడ అమెరికా అనుభవం రెండు పాఠాలు చెబుతుంది. ఆండ్రూ కార్నెగీ పేరు చాలామంది వినే ఉంటారు. స్కాట్లండులో నేతగాడి ఇంట పుట్టాడు. అమెరికా వెళ్ళి, చిన్నప్పుడు నూలు మిల్లులో పనిచేశాడు. ఒక పెద్దమనిషి తన సొంత పుస్తకాలను పనిచేసే పిల్లలకు చదువుకోడానికి ఇస్తే, అవి చదివి పైకొచ్చాడు. ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించాక, ప్రపంచమంతటా కలిపి రెండున్నర వేలకు పైగా గ్రంథాలయ భవనాలకు డబ్బు ఇచ్చాడు. అయితే ఊరికే ఇవ్వలేదు. ఒక షరతు పెట్టాడు. భవనానికి తానెంత ఇస్తే, అందులో పదో వంతు ప్రతి ఏటా ఆ ఊరు తన పన్నుల్లోంచి గ్రంథాలయం మీద ఖర్చుపెడతానని ముందే మాట ఇవ్వాలి. పది వేల డాలర్ల భవనం కావాలంటే, ఏటా వెయ్యి డాలర్ల హామీ కావాలి. హామీ లేకపోతే భవనం లేదు. పాలు తాగాలని ఆవును తోలుకొచ్చేవాడు గడ్డివాము సంగతి ముందే చూసుకోవాలి కదా. కార్నెగీ అడిగింది అదే.

దాదాపు నూరేళ్ళ తర్వాత, 1997లో, బిల్ గేట్స్ దంపతుల ధర్మసంస్థ అమెరికాలో పేదలు ఎక్కువగా ఉండే ప్రాంతాల గ్రంథాలయాలకు కంప్యూటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్నేళ్ళలో సుమారు 11 వేల గ్రంథాలయాలకు కంప్యూటర్లు చేరాయి. ఇంట్లో ఇంటర్నెట్టు లేనివాళ్ళు గ్రంథాలయంలో కూర్చుని ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకున్నారు. మంచి ఫలితమే. కానీ ఐదారేళ్ళు గడిచేసరికి ఆ యంత్రాలు పాతబడ్డాయి. కొత్త సాఫ్ట్‌వేరు వాటి మీద నడవదు. ఇంటర్నెట్టు వేగం చాలదు. మళ్ళీ కొనాలంటే చిన్న ఊళ్ళ దగ్గర డబ్బు లేదు. అప్పుడు ఆ సంస్థ మరో పథకం తెచ్చి, స్థానికంగా కూడా డబ్బు వేసుకుంటేనే సాయం చేస్తామంది. కార్నెగీ ముందే అడిగిన మాటను ఇక్కడ తర్వాత అడగాల్సి వచ్చింది.

ఈ రెండు కథల్లో ఉన్నది ఒకటే విషయం. యంత్రం ఒక్కసారి కొంటాం. సేవకు మాత్రం ఏటా ఖర్చు ఉంటుంది. ఈ మాటను శ్రోతలు మనసులో ఉంచుకోవాలి. యంత్రం ఒక్కసారి. సేవ ఏటేటా.

మన దగ్గర గ్రంథాలయాలకు కొత్త పరికరాలు ఎలా వస్తుంటాయి? ఎక్కువగా ఒకసారి ఇచ్చే నిధులతో. కేంద్రం తరఫున కోల్‌కతాలో రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ ఉంది. 1972లో పెట్టారు. రాష్ట్రం తన వాటా వేస్తే అది తన వాటా వేసే పథకాలు అందులో ఉన్నాయి. రాష్ట్రం వేయకపోతే ఆ డబ్బు రాదు. ఇక ఎంపీ నిధులు, ఎమ్మెల్యే నిధులు, కంపెనీలు ఇచ్చే సామాజిక బాధ్యత నిధులు, విదేశాల్లో స్థిరపడిన ఊరివాళ్ళ విరాళాలు. వీటన్నిటికీ కంప్యూటరు కొనడం ఇష్టం. రిబ్బను కత్తిరించవచ్చు, ఫొటో తీయించుకోవచ్చు. మూడో ఏడాది బ్యాటరీ మార్చడానికి, నెలనెలా ఇంటర్నెట్టు బిల్లు కట్టడానికి, నేర్పే మనిషికి జీతం ఇవ్వడానికి దాత దొరకడు. అది దాతల తప్పు అనలేం. ఆ ఖర్చు మోయాల్సింది స్థిరమైన ఆదాయం. ఆ స్థిరమైన ఆదాయం గ్రంథాలయ పన్నే.

దాతల డబ్బుతో సామాను. పన్ను డబ్బుతో నిర్వహణ. ఈ విభజన జరిగినచోట సేవ నిలుస్తుంది.

ఇప్పుడు మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. ఆ కార్నెగీయే స్థాపించిన విద్యాసంస్థ ఇవాళ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. అక్కడ ఆచార్యులుగా పనిచేసిన రాజ్ రెడ్డిగారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందించాలన్న ప్రాజెక్టుకు ఆయన నాయకత్వం వహించారు. 2000 దశకంలో ఆ పని జోరుగా సాగింది. భారతదేశంలో దాని పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. హైదరాబాదు గ్రంథాలయాల్లో బీరువాల్లో మగ్గుతున్న పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో స్కాన్ అయ్యాయి. పేజీ తిప్పితే పొడి రాలే స్థితిలో ఉన్న పుస్తకాలు కూడా అందులో ఉన్నాయి.

తెలుగు పరిశోధనకు దానివల్ల జరిగిన మేలు ఇంతా అంతా కాదు. అనంతపురంలో ఉన్న విద్యార్థి, అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబం, ఇద్దరూ ఇంట్లో కూర్చుని వందేళ్ళ కిందటి పుస్తకం చదవగలిగారు. దాని కోసం హైదరాబాదు రానక్కర్లేదు. ఏ గ్రంథాలయంలో ఉందో వెతకనక్కర్లేదు.

అయితే తర్వాత ఏమైంది? స్కాన్ చేయడానికి డబ్బు వచ్చింది. కానీ పుస్తకాల వివరాలు రాయడంలో శ్రద్ధ చాలలేదు. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు రాశారు. రచయిత పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా. పుస్తకం ఉంది, వెతికితే దొరకదు. కొన్నిటిలో పేజీలు తప్పిపోయాయి. కొన్నేళ్ళకు ఆ వెబ్‌సైటే ఆగిపోయింది. హక్కుల సమస్యలు కూడా ముందుకొచ్చాయి. అదృష్టవశాత్తు, ఆ పుస్తకాల్లో చాలా భాగం అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ వెబ్‌సైటుకు చేరాయి. ఇవాళ తెలుగు పాఠకులు వాటిని అక్కడే చదువుతున్నారు. తెలుగు వికీపీడియాలో రాసే ఔత్సాహికులు కూర్చుని, ఆ పుస్తకాలకు తెలుగులో జాబితాలు తయారుచేశారు. జీతం లేదు, బిరుదు లేదు. పుస్తకం మీద ప్రేమతో చేశారు. వాళ్ళకు తెలుగు చదువరులు రుణపడి ఉన్నారు.

కానీ ప్రజల డబ్బుతో తయారైన సంపద, కొందరి ప్రేమ మీద, ఎక్కడో ఉన్న సంస్థ ఔదార్యం మీద నిలబడాల్సి రావడం మంచి ఏర్పాటు కాదు. స్కాన్ చేయడంతో పని అయిపోదు. దాన్ని భద్రపరచాలి. ఒకచోట పోతే ఇంకోచోట ఉండేలా నకళ్ళు ఉంచాలి. వివరాలు సరిదిద్దాలి. ఇవన్నీ ఏటా ఉండే ఖర్చులే. యంత్రం ఒక్కసారి. సేవ ఏటేటా.

డబ్బు తక్కువ ఉన్నా తెలివిగా వాడితే ఎంత జరుగుతుందో చెప్పే కథ న్యూజిలాండులో ఉంది. అక్కడ హోరోఫెనువా అని ఒక చిన్న ప్రాంతం. 1999లో దాని గ్రంథాలయాలకు ఒక ఇబ్బంది వచ్చింది. వాళ్ళ దగ్గరున్న పాత సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరం తేదీని అర్థం చేసుకోలేదు. కొత్తది కొనాలంటే ఖరీదు ఎక్కువ. వాళ్ళు ఒక స్థానిక కంపెనీతో సొంతంగా రాయించుకున్నారు. దాని పేరు కోహా. 2000 జనవరిలో అది పని మొదలుపెట్టింది. అంతవరకే అయితే చిన్న వార్త. వాళ్ళు దాన్ని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు అన్నారు. ఇవాళ ప్రపంచవ్యాప్తంగా వేల గ్రంథాలయాలు కోహాతో నడుస్తున్నాయి. మన రెండు రాష్ట్రాల్లో విశ్వవిద్యాలయాలు, కాలేజీలు కూడా దాన్ని వాడుతున్నాయి. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ కూడా ఈ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేరు తయారుచేసి గ్రంథాలయాలకు ఉచితంగా ఇస్తోంది.

కాబట్టి జిల్లా గ్రంథాలయంలో ఏ పుస్తకం ఉందో ఇంట్లో ఫోనులో చూసుకునే ఏర్పాటుకు సాఫ్ట్‌వేరు కొనే అవసరమే లేదు. కావాల్సింది ఏమిటి? పుస్తకాల వివరాలు ఒక్కొక్కటిగా, తప్పుల్లేకుండా, తెలుగులో ఎక్కించే మనుషులు. వాళ్ళకు శిక్షణ. వాళ్ళకు జీతం. డబ్బు పెట్టాల్సింది అక్కడ.

ఈ-పుస్తకాల సంగతి కొంచెం వేరు. కాగితం పుస్తకం కొంటే అది గ్రంథాలయానిది. చిరిగేదాకా ఎంతమందికైనా ఇవ్వవచ్చు. ఈ-పుస్తకానికి అలా కాదు. ప్రచురణకర్త హక్కు కాలానికో, సార్లకో లెక్కగట్టి ఇస్తాడు. 2011లో అమెరికాలో హార్పర్ కాలిన్స్ అనే పెద్ద ప్రచురణ సంస్థ ఒక నియమం పెట్టింది. గ్రంథాలయం ఒక ఈ-పుస్తకాన్ని 26 సార్లు పాఠకులకు ఇస్తే, ఆ ప్రతి ముగిసినట్టే. మళ్ళీ కొనాలి. గ్రంథాలయాధికారులు గట్టిగా నిరసించారు. అక్కడ ఆ వివాదం రకరకాల రూపాల్లో ఇంకా నడుస్తూనే ఉంది. తెలుగులో గ్రంథాలయాల కోసం ఇలాంటి ఏర్పాటు ఇంకా సరిగా రూపుదిద్దుకోలేదు. అది ఒక రకంగా అవకాశం. రెండు రాష్ట్రాల గ్రంథాలయ సంస్థలు కలిసి, తెలుగు ప్రచురణకర్తలతో, రచయితలతో ముందే కూర్చుంటే, రచయితకు న్యాయమైన సొమ్ము, పాఠకుడికి ఉచితంగా పుస్తకం, రెండూ దక్కే ఒప్పందం చేసుకోవచ్చు. ఒక్కో జిల్లా విడివిడిగా బేరమాడితే నష్టం. అందరూ కలిసి అడిగితే ధర దిగుతుంది.

ఇంటర్నెట్టు మాటకొద్దాం. దీనికి కూడా ప్రజలు ఇప్పటికే డబ్బు కట్టారన్న సంగతి చాలామందికి తెలియదు. టెలిఫోను కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కట్టాలి. దూర ప్రాంతాలకు టెలిఫోను, ఇంటర్నెట్టు చేర్చడానికి పెట్టిన నిధి అది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. మనం రీఛార్జి చేయించుకునే డబ్బులోంచే అది పోగవుతుంది. ఆ నిధితోనే భారత్‌నెట్ పథకం కింద గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ తీగలు వేస్తున్నారు. అమెరికాలో 1996 చట్టం కింద సరిగ్గా ఇలాంటి నిధే ఉంది. దాన్నుంచి పాఠశాలలకు, గ్రంథాలయాలకు ఇంటర్నెట్టు బిల్లులో 20 నుంచి 90 శాతం దాకా రాయితీ వస్తుంది. ప్రాంతం ఎంత పేదదైతే రాయితీ అంత ఎక్కువ. అక్కడి చట్టంలో గ్రంథాలయం పేరు స్పష్టంగా రాసి ఉంది. ఇక్కడ కూడా అలా రాయించుకోవాలి. పంచాయతీ కార్యాలయం దాకా వచ్చిన తీగ, పక్క వీధిలో ఉన్న గ్రంథాలయం దాకా రావడానికి ఎంత ఖర్చవుతుంది?

పొరుగున కర్ణాటకలో ఒక మంచి పని జరిగింది. 2019లో గ్రామ గ్రంథాలయాల బాధ్యతను గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖకు అప్పగించారు. 2020లో పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చారు. కోవిడ్ వల్ల బడులు మూసి ఉన్న రోజులవి. ఊరి గ్రంథాలయం పిల్లలకు దిక్కయింది. తర్వాత వాటిలో చాలాచోట్లకు కంప్యూటర్లు వచ్చాయి. కొన్ని దాతలు ఇచ్చారు. కానీ గది, కరెంటు, మనిషి పంచాయతీ బాధ్యత. ఊరి గ్రంథాలయం ఊరి పంచాయతీ లెక్కలోకి వచ్చింది కాబట్టి అడిగేవాళ్ళున్నారు, జవాబు చెప్పేవాళ్ళున్నారు.

ఇంతసేపూ డబ్బు, తీగలు, యంత్రాలు అన్నాం. వాటన్నిటి కంటే ముఖ్యమైనది మనిషి. దీనికి ఒక ఉదాహరణ చాలు. ఈ ప్రసంగం వింటున్నవారిలో చూపు లేని శ్రోతలు ఉంటారు. రేడియో వారికి ఎంత దగ్గరి నేస్తమో అందరికీ తెలుసు. గ్రంథాలయం కూడా అంతే దగ్గర కావచ్చు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అందులో ఎన్‌వీడీఏ అనేది పూర్తిగా ఉచితం. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు 2006లో తమలాంటివారి కోసం మొదలుపెట్టిన పని అది. తెలుగు అక్షరాలనూ అది చదువుతుంది. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించారు. చూపులేనివారి కోసం పుస్తకాన్ని వినే రూపంలోకో, బ్రెయిలీలోకో మార్చడం ఇప్పుడు చట్టం ఒప్పుకున్న పని. ఇలాంటి పుస్తకాల కోసమే 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది.

అంటే జిల్లా గ్రంథాలయంలో ఒక కంప్యూటరు, ఒక స్కానరు, చెవికి పెట్టుకునే ఒక హెడ్‌ఫోను ఉంటే, చూపులేని విద్యార్థి తన పాఠ్యపుస్తకం తాను చదువుకోవచ్చు. ఇంకొకరి గొంతు కోసం ఎదురుచూడక్కర్లేదు. సాఫ్ట్‌వేరుకు ఖర్చు లేదు. చట్టం అడ్డు లేదు. కొరత ఎక్కడంటే, ఆ విద్యార్థి వచ్చినప్పుడు చేయి పట్టుకుని కూర్చోబెట్టి, మొదటి పది రోజులు ఓపిగ్గా నేర్పగల ఉద్యోగి దగ్గర. ఖాళీగా ఉన్న గ్రంథాలయాధికారి పోస్టు భర్తీ కాకపోతే, ఆ కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఉన్న ఒక్క ఉద్యోగికే రెండు మూడు శాఖల బాధ్యత ఇస్తే, తలుపు తీసేవాళ్ళే ఉండరు. కొత్త సాంకేతికతకు పెట్టే ఖర్చులో మొదటి పద్దు మనిషి జీతం, మనిషి శిక్షణ. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఊరూరా గ్రంథాలయాల్లో సభలు పెడతారు. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం పోటీలు జరుపుతారు. ఆ సభలకు జిల్లా గ్రంథాలయ సంస్థ పెద్దలు, సర్పంచులు, మున్సిపల్ సభ్యులు వస్తారు. అడగాల్సినవాళ్ళూ, జవాబు చెప్పాల్సినవాళ్ళూ ఒకే పందిరి కింద ఉండే సందర్భం అది.

ఆ సభలో శ్రోతలు లేచి మర్యాదగా అడగాలి. మన పంచాయతీ, మన మున్సిపాలిటీ పోయిన ఏడాది గ్రంథాలయ పన్ను ఎంత వసూలు చేసింది? అందులో జిల్లా సంస్థకు ఎంత జమ చేసింది? జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుము కూడా లేదు. జిల్లా సంస్థను ఇంకో మాట అడగాలి. బడ్జెట్టులో కంప్యూటర్ల కొనుగోలుకు ఒక పద్దు, వాటి నిర్వహణకు, ఇంటర్నెట్టుకు, సిబ్బంది శిక్షణకు వేరే పద్దు ఉన్నాయా? లేకపోతే పెట్టమని రాతపూర్వకంగా కోరాలి. ఊరికి కంప్యూటర్లు ఇస్తామని ముందుకొచ్చే దాతలకు చేతులెత్తి నమస్కరించి, మూడేళ్ళ నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారో ఒప్పందంలో రాయించాలి.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళి సభ్యత్వం తీసుకోండి. ఇంట్లో పిల్లల పేరున కూడా తీసుకోండి. రిజిస్టరులో సభ్యుల సంఖ్య పెరిగితేనే అధికారులు అడిగే నిధులకు బలం వస్తుంది. ఈ వారంలోనే వెళ్ళండి.